ఒక్క బటన్ నొక్కడానికి రెండు గంటలు

ఇప్పుడే ల్యాప్‌టాప్ మూసి అవతల పెట్టా. రెండు గంటలు పట్టింది. ఏం చేశానయ్యా అంటే, ఒక పుష్ బటన్ నొక్కా! హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీలో చిల్లరిస్తే గుప్పెడు బటన్లు చేతిలో పోస్తారు, సర్క్యూట్‌ని కంప్యూటర్‌లోనే నడిపి చూపించే ఈ స్పైస్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉన్నదల్లా వోల్టేజ్ ఇస్తే మూసుకునే స్విచ్. నా వేలికి బదులు చెప్పిన టైమ్‌కి వోల్టేజ్ ఇచ్చి తీసేసే పల్స్ సోర్స్ ఒకటి తగిలించి, ఎన్నో మిల్లీసెకండ్‌కి నొక్కుతానో, ఎప్పుడు వదులుతానో ముందే రాసివ్వాలట. కాలింగ్ బెల్ కొట్టడానికి ముహూర్తం పెట్టించినట్టుంది.

"స్పైస్ 1970ల నాటి బర్క్‌లీ సరుకు, రన్ మొదలయ్యాక మధ్యలో మన మాట వినదు" అని ఎవరో ఒకరు పాఠం ఎత్తుకుంటారు. తెలుసు బాబూ. క్లిక్ చేస్తే మూసుకునే స్విచ్ ఉన్న సిమ్యులేటర్లు కూడా తెలుసు. అసలు మంట అది కాదు.

తెరమీద స్విచ్ మూయగానే గీత గీసినట్టు 0 నుంచి 5 వోల్టులు, నొక్కుళ్లు లెక్కపెట్టే కౌంటర్ సర్క్యూట్‌లో బుద్ధిగా 1. అదే సర్క్యూట్ నిజం పార్టులతో బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా గుచ్చే బోర్డు) మీద పెట్టి ఒక్కసారి నొక్కితే 4! లోపలి రేకు మూసుకునేటప్పుడు కొన్ని మిల్లీసెకండ్ల పాటు టపటపా ఎగిరి పడుతుంది, కౌంటర్ ప్రతి ఎగురుడూ లెక్కేస్తుంది. ఆ బౌన్స్ సిమ్యులేషన్‌లో కనబడాలంటే 0, 5, 0, 5 అని ఒక్కో పాయింటూ మనమే టైప్ చేయాలి. దెయ్యం బొమ్మ మనమే గీసి మనమే జడుసుకోవాలన్నమాట. ఇక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) లోపలి తీగచుట్టకి ఇదే స్విచ్ పెట్టి, వోల్టేజ్ ఎగబాకకుండా కాపాడే డయోడ్ లేకుండా తెరిచి చూడండి, 12 వోల్టుల సర్క్యూట్‌లో వేల వోల్టులు చూపిస్తుంది, లేదంటే టైమ్ స్టెప్ చాల్లేదని మొరాయిస్తుంది. నిజం స్విచ్‌లో అంతకు ముందే ఎగిరే నిప్పురవ్వ అనేది ఒకటుంటుందని దానికి తెలియదు పాపం.

దానికి తెలియకపోతే సరే, పరీక్షకి బయటి నుంచి వచ్చిన మా ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి ఏమైంది? థర్డ్ ఇయర్ ల్యాబ్‌లో నా కౌంటర్ ఇలాగే ఎక్కువ లెక్కపెడితే, బౌన్స్ సార్ అని చెప్తూనే ఉన్నా, "సిమ్యులేషన్‌లో ఒకటే వచ్చిందిగా, వైరింగ్ తప్పు" అని మార్కులు కోసేశాడు. ఆ ల్యాబ్ బటన్లకు పట్టిన చిలుమును చూశాడా? రికార్డులో మార్జిన్లు మాత్రం స్కేలు పెట్టి మరీ చూశాడు! ఆ బౌన్స్ మింగేయడానికి 10కె రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, వెనకాల సిగ్నల్‌ని శుభ్రం చేసే 74హెచ్‌సీ14 చిప్ ఒకటి, అంతే కదా కావాల్సింది. ఒక్క ఐదు నిమిషాలు ఇచ్చుంటే అక్కడే పెట్టి చూపించేవాడిని.

బోర్డు ఇంకా టేబుల్ మీదే ఉంది, డిస్‌ప్లేలో 4 వెలుగుతూనే ఉంది. నొక్కింది ఒక్కసారే సార్.