పాత ఫోన్‌లోని గొంతు ఎవరి కోడ్‌తో తెరుచుకుంటుంది?

ఉద్దానంలో జీడితోటను నమ్ముకుని బతికిన మా పెద్దమ్మ పోయిన కొన్నేళ్లకు, ఆమె వాడిన బటన్ ఫోన్‌లోని మెమరీ కార్డు మా చేతికి వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క రికార్డింగు, 41 సెకన్లది. 'నాను తోట కాడికెల్తన్నాను, గుంటడికి సెప్పు' అంటూ అది మొదలవుతుందని మాకు తర్వాత తెలిసింది గానీ, ముందు మా ల్యాప్‌టాప్‌లో అసలు పలకనే లేదు. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక మొబైల్ దుకాణంలో చూపిస్తే, అక్కడి కుర్రాడు ఫైలు పేరు చివరనున్న ఏఎంఆర్ (పాత ఫోన్లు మాటను కుదించి దాచుకున్న పద్ధతి పేరు) చెరిపేసి ఎంపీ3 అని మార్చి ఇచ్చాడు. పేరు మారింది, ఫైలు మాత్రం నోరు విప్పలేదు. ఏదైనా వెబ్‌సైటుకు ఎక్కిస్తే అదే మార్చి ఇస్తుందన్నది అతని రెండో సలహా. పోయిన మనిషి గొంతును ఊరూ పేరూ తెలియని సర్వరుకు అప్పగించడానికి మనసొప్పక, ఇంటికి తిరిగి వచ్చాను.

ఆ ఫైలు పరిమాణం 65,606 బైట్లు. మొదటి ఆరు బైట్లు ఇది ఏఎంఆర్ అని చెప్పే గుర్తు. మిగిలినవి 32 బైట్ల చొప్పున 2,050 ముక్కలు. ఒక్కో ముక్కలో సెకనులో యాభయ్యో వంతు మాట, అంటే 20 మిల్లీసెకన్ల మాట ఉంటుంది. జీఎస్ఎం ఫోన్ల కోసం రూపొంది, 1999 నాటికి మొబైల్ ప్రమాణాలు నిర్ణయించే 3జీపీపీ సంస్థ ప్రమాణంగా స్థిరపడిన ఈ కోడెక్‌కు, అంటే మాటను కుదించి మళ్లీ విప్పే ఈ పద్ధతికి, సెకనుకు 4.75 నుంచి 12.2 కిలోబిట్ల దాకా ఎనిమిది వేగాలు ఉన్నాయి. పెద్దమ్మ ఫోన్ అన్నిటికంటే మెరుగైన 12.2నే వాడింది. అయితే ఈ ముక్కల్లో ఉన్నది ధ్వని తరంగం కాదు. గొంతు, నాలుక, పెదవులు కలిసి మాటను ఎలా మలిచాయో చెప్పే అంకెలు మాత్రమే ఉంటాయి. వాటిని చదివి మాటను మళ్లీ తయారుచేసే పని డీకోడర్‌ది. డీకోడర్ లేని రోజున అది గొంతు కాదు, అరవై అయిదు వేల బైట్ల చెత్త.

ఆ డీకోడర్ ఎక్కడిది అన్న ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. 3జీపీపీ తన ప్రమాణంతో పాటు నమూనా కోడ్‌ను కూడా ప్రచురించింది కనుక ఎవరైనా చదువుకోవచ్చు. కానీ దానిని కలిపి కట్టిన ప్రోగ్రామును ఇతరులకు పంచుకోవచ్చా అన్నది తేలక, ఆడియో, వీడియో మార్పిడికి ప్రపంచమంతా ఆధారపడే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ఒకప్పుడు దానిని 'పంచరాని' వర్గంలో పెట్టింది. చూడనివ్వడం వేరు, పంచుకోనివ్వడం వేరు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ అన్న మాట పలికేటప్పుడు తరచూ మరుగున పడేది ఈ తేడాయే. ఆండ్రాయిడ్‌తో పాటు ప్యాకెట్‌వీడియో కంపెనీ వారి ఓపెన్‌కోర్ కోడ్, పంచుకోనిచ్చే అపాచీ లైసెన్సు కింద బయటికి వచ్చాక ఆ ముడి చాలావరకు విడిపోయింది. అందులోంచి ఏఎంఆర్ భాగాన్ని విడదీసి ఓపెన్‌కోర్-ఏఎంఆర్ అనే చిన్న లైబ్రరీగా, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ మూటగా, నిలబెట్టారు. అంతకు చాలా ముందే, 1992లో, బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో యుట్టా డేగెనర్, కార్స్టెన్ బోర్మన్ తొలితరం జీఎస్ఎం కోడెక్‌కు స్వేచ్ఛగా వాడుకోదగిన కోడ్ రాసిపెట్టారు. జీఎస్ఎంకు పోటీగా నడిచిన సీడీఎంఏ ఫోన్లు వాడిన క్యూసెల్ప్ అనే కోడెక్ ఫైళ్లను కూడా ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ చదవగలుగుతోంది. ఆ ఫోన్లు అమ్మిన కంపెనీలేవీ మన పాత రికార్డింగుల బాధ్యత తీసుకోలేదు.

కమాండ్ లైన్ అనగానే మనవాళ్లు జంకుతారు గానీ, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో ఫైలు మార్చడానికి టైపు చేయవలసింది ప్రోగ్రాం పేరు, '-i' అన్న గుర్తు, ఉన్న ఫైలు పేరు, కావలసిన ఫైలు పేరు, అంతే. కేవలం వినడానికైతే వీఎల్‌సీ ప్లేయర్ చాలు.

ఇంతవరకు మెచ్చుకోలు. అసలు చిక్కు మార్పిడి మీద జనం పెట్టుకునే ఆశలో ఉంది. పెద్దమ్మ ఫైలును కుదింపు లేని వేవ్ ఫైలుగా మారిస్తే పరిమాణం దాదాపు పది రెట్లయింది. 128 కిలోబిట్ల ఎంపీ3గా మార్చినా దాదాపు అంతే అవుతుంది. సైజు పెరిగింది కదా, నాణ్యత కూడా పెరిగిందనుకోవడం గుడ్డి నమ్మకం. ఈ కోడెక్ ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలిచిన నమూనాలతో పనిచేస్తుంది, ఫోన్ మాటలో 3,400 హెర్ట్జ్ పైనున్నది దాదాపుగా దక్కదు. స-కారానికి ఉన్న బలమంతా ముఖ్యంగా 4,000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. చెప్పును 'సెప్పు' అని, చేనును 'సేను' అని పలికే మా ఉత్తరాంధ్ర యాసకు ఆ స-కారమే ఆనవాలు. అంటే, యాసను పట్టి ఇచ్చే ధ్వనినే ఫోన్ ముందుగా వదిలేసింది. ఏ మార్పిడి సాఫ్ట్‌వేరూ దానిని తిరిగి తేలేదు. తెచ్చానని చెప్పే యాప్ ఉంటే, అది ఊహించి అతికించిన ధ్వని మాత్రమే.

సంగీతం సంగతి మరీ అన్యాయం. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలై, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ పలికిన విజయనగరం సంగీత కళాశాల వరండాలో ఎవరైనా ఈ పద్ధతిలో కచేరీ రికార్డు చేసి ఉంటే, మనిషి గొంతు కోసం కట్టిన నమూనాలో వయొలిన్, మృదంగం కలిసి ఇమడక, గమకం గరగరగా మిగులుతుంది.

మరో మెలిక ఉంది. మాటల మధ్య మౌనం వచ్చినప్పుడు బిట్లు పొదుపు చేసే ఏర్పాటు ఏఎంఆర్‌లో ఉంది. అది పనిచేస్తున్నప్పుడు వెనకటి సవ్వడిని యథాతథంగా దాచకుండా, దాని తీరును చెప్పే కొద్దిపాటి సమాచారమే దాస్తుంది, డీకోడర్ దాన్నిబట్టి కృత్రిమ రొదను పుట్టిస్తుంది. భావనపాడు తీరంలో తీసిన అలాంటి రికార్డింగులో మాట ఆగినప్పుడు వినిపించేది సముద్రం కాకపోవచ్చు. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ సొంత డీకోడర్ చాలాకాలంగా ఇలాంటి మౌనపు ముక్కల దగ్గర చేతులెత్తేసి, ఓపెన్‌కోర్ లైబ్రరీకి అవి చదవడం వచ్చని తానే సందేశం చూపిస్తుంది. తన చేతకానిది దాచుకోకుండా దారి చూపే ఆ ఒక్క వాక్యం కోసమైనా నాకు ఓపెన్ సోర్స్ మీద గౌరవం. పెద్దమ్మ ఫైలులో అన్నీ 32 బైట్ల నిండు ముక్కలే కనుక, వెనక వినిపించే గాలి ఆ తోటదే.

అందుకే మూల ఫైలును పారేయకూడదని నా గట్టి అభిప్రాయం. రేపు మెరుగైన డీకోడర్ వస్తే పనికొచ్చేది అదే. గట్టు తగాదాలో రికార్డింగును కోర్టులో చూపించాలన్నా 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రంలో ఫైలు హాష్ విలువ, అంటే అందులోని బైట్ల నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. మార్చిన ఫైలు హాష్ వేరు. గిడుగు రామమూర్తి చెవిని నమ్ముకుని కాగితం మీదికెక్కించిన సవర భాషను ఇవాళ ఫోన్లలో రికార్డు చేస్తున్నవారు, విశ్వవిద్యాలయాలైనా స్వచ్ఛంద సంస్థలైనా, మొదటే ఏమీ పోగొట్టకుండా దాచే ఫ్లాక్‌లో గానీ వేవ్‌లో గానీ తీసుకుంటే ఈ బెడద ఉండదు. పంపుకోవడానికి ఓపస్ అనే కోడెక్ ఉంది: 2012లో ప్రమాణమైంది, రాయల్టీ లేదు, వాట్సాప్ వాయిస్ సందేశాలు నడిచేది దానితోనే.

నేను ఏఎంఆర్‌ను ముట్టకుండా రెండుచోట్ల దాచి, పక్కన వేవ్ పెట్టి, ఓపస్ ప్రతిని సూరత్‌లో ఉన్న తమ్ముడికి పంపాను. మర్నాడు ఫోన్ చేసి, 'సెప్పు' అన్నచోట కొంచెం మసగ్గా ఉంది, సరిచేయలేవా అని అడిగాడు. లేనని చెప్పాను.