20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ డబ్బా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 20డబ్ల్యూ-50 డబ్బా గారి దివ్య సముఖానికి,

ఊరూరా మెకానిక్ షెడ్డుల్లో తమరికి ఒక పీట ఉంది. టర్బో బండి (పొగ ఊపుతో ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా నెట్టే చక్రం ఉన్నది) లోపలికి వచ్చి బానెట్ లేచిందో లేదో, తమరి తరఫున వకాల్తా మొదలవుతుంది: "అన్నా, మన ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదు. ఇది పోద్దాం. చిక్కగుంటది, ఇంజిన్ సౌండు గూడ తగ్గుతది." సౌండు తగ్గే మాట నిజమే. ఇంకా ఏమేం తగ్గుతాయో ఆ వకీలు చెప్పడు. గడ్డపెరుగైతేనే మంచి పెరుగు అనే లెక్కను మనవాళ్లు ఇంజిన్‌కూ అంటగట్టారు. తమరి వైభవమంతా ఆ లెక్క మీదే నిలబడి ఉంది.

ముందు ఆ ఎండల సంగతి తేల్చుకుందాం. మే నెలలో రెంటచింతల, రామగుండం 45 డిగ్రీలు దాటతాయి, ఒప్పుకున్నాం. కానీ తమరి కొలువు ఇంజిన్ లోపల. అక్కడ థర్మోస్టాట్ అనే వాల్వు కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతుంది. మామూలు నడకలో ఆయిల్ 90 నుంచి 110 మధ్య తిరుగుతుంది. బయట 30 ఉన్నా 45 ఉన్నా ఈ లెక్క పెద్దగా కదలదు. దాన్ని నిజంగా కదిలించేది డ్రైవరు కుడికాలు. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే రేసు ట్రాక్ మీద వరసగా ల్యాపులు కొడితే డిసెంబరులోనైనా ఆయిల్ 130 వైపు పరిగెత్తగలదు. మేలో ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో సాఫీగా పోయే బండికి ఆ బాధ లేదు.

ఇక తమరి పేరులో మొదటి సగం. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, వెనకున్నది వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పే గ్రేడు. 20డబ్ల్యూకి చలి పరీక్ష పెట్టేది మైనస్ 15 దగ్గర, 0డబ్ల్యూకి మైనస్ 35 దగ్గర. లంబసింగిలో కూడా అంత చలి రాదు కదా, ఆ అంకెతో మనకేం పని అని తమరి అభిమానుల వాదన. పని ఉంది. 25 డిగ్రీల పొద్దుటిపూట 0డబ్ల్యూ-40 చిక్కదనం సుమారు 140 సెంటీస్టోక్స్. తమరిది సుమారు 370. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో అంత చిక్కటి ఆయిల్‌ను నెట్టలేక పంపు రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. పంపు తోడినదాంట్లో కొంత ముందుకు పోకుండా సంపులోకే, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకే, తిరిగొస్తుంది. ఫిల్టరు బైపాస్ కూడా తెరుచుకుంటే మురికి వడకట్టకుండానే లోపలికి పోతుంది. ఇంజిన్ వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టుకు, టర్బో బేరింగుకు ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది. ఇంత జరుగుతున్నా గేజ్‌లో ప్రెషర్ మాత్రం నిటారుగా ఉంటుంది, ఓనరు మురిసిపోతాడు. దారి ఇరుకై ఆయిల్ కదలకపోయినా ప్రెషర్ పెరుగుతుందని ఆయనకు ఎవరు చెప్పాలి?

స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి బండిలో ఈ నష్టం ఇంకా లోతుకు పోతుంది. అందులోని 2.0 టీఎస్‌ఐ (రెండు లీటర్ల టర్బో పెట్రోలు) ఇంజిన్‌లో టైమింగ్ చెయిన్‌ను వదులవకుండా పట్టే టెన్షనరు, కామ్ టైమింగ్ మార్చే యంత్రాంగం ఆయిల్ ప్రెషర్‌తోనే ఆడతాయి. సన్నటి దారుల్లోంచి తమరు బద్ధకంగా పాకుతుంటే కామ్ చెప్పిన కోణానికి చెప్పిన వేళకు రాదు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. అప్పుడు సెన్సరు మారుస్తారు, కాయిల్ మారుస్తారు. తమరి మీద ఎవరికీ అనుమానం రాదు, అదీ తమరి అదృష్టం. పైగా చవక మినరల్ రకమై, డబ్బా మీద ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌ఎల్ అని ఉంటే, అది 2001 నాటి ప్రమాణం. పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో తక్కువ ఆర్‌పీఎం దగ్గర పెట్రోలు ముందే అంటుకుని పిస్టన్ మీద రింగులు కూర్చునే గాడుల అంచులు పగిలే జబ్బు ఒకటి ఉంది. దానికి పరీక్ష 2020లో వచ్చిన ఎస్‌పీ ప్రమాణంలో ఉంది, ఆ ఎస్‌ఎల్‌లో లేదు.

తమరిని తిడుతున్నామని పల్చటి ఆయిల్ భక్తులు చంకలు గుద్దుకోనక్కర్లేదు. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 150 డిగ్రీల్లో, బేరింగులో నలిగేటంత వేగంలో ఎంత చిక్కదనం మిగులుతుందో కొలిచే హెచ్‌టీహెచ్‌ఎస్ అనే అంకె ఉంది. 30 గ్రేడుకు అది 2.9 ఉంటే చాలు. ఫోక్స్‌వ్యాగన్ 504 00 ఆమోదం ఉన్న 5డబ్ల్యూ-30కి మాత్రం కనీసం 3.5 ఉండాలి. బయటి అంకె ఒకటే, లోపలి సరుకు వేరు. అదే కంపెనీ 508 00 రకం 0డబ్ల్యూ-20, హెచ్‌టీహెచ్‌ఎస్ 2.6 చాలు. పొరపాటున పాత ఇంజిన్‌లో పోస్తారేమోనని కాబోలు, దానికి ఆకుపచ్చ రంగు కూడా వేశారు.

వేడికి ఆయిల్ ఎంత పల్చబడుతుందో చూడండి. 100 డిగ్రీల్లో 13.5 సెంటీస్టోక్స్ ఉన్న 0డబ్ల్యూ-40, 110కి 11 అవుతుంది, అంటే 30 గ్రేడు. 120కి 9 చిల్లర. అందుకే ట్రాక్‌కు పోయే బండికి ఒక గ్రేడు పైకి వెళ్లడంలో న్యాయం ఉంది. సీ7 తరం కార్వెట్ స్పోర్ట్స్ కారుకు జనరల్ మోటార్స్ రోడ్డు మీద 5డబ్ల్యూ-30, ట్రాక్ మీద 15డబ్ల్యూ-50 అంది. 2019కి వచ్చేసరికి రెంటికీ 0డబ్ల్యూ-40 చాలంది. మన దేశంలోనూ అమ్మిన నిస్సాన్ జీటీ-ఆర్, 3.8 లీటర్ల ట్విన్ టర్బో రాక్షసి, తాగేదీ 0డబ్ల్యూ-40యే. చిక్కటిది నిజంగా కావాల్సిన ఇంజిన్లూ ఉన్నాయి. 8,000 ఆర్‌పీఎం తిరిగే, ఇ46 అనే పాత తరం బీఎండబ్ల్యూ ఎం3కి 10డబ్ల్యూ-60. కానీ అక్కడ ఆర్‌పీఎం చూపే టాకోమీటరులోనే దీపాలు పెట్టారు. ఆయిల్ వేడెక్కే కొద్దీ ఒక్కొక్కటే ఆరుతూ, ఎంతవరకు తొక్కవచ్చో చెబుతాయి. తమరిని పోసే షెడ్డులో ఆ దీపాలు ఎవరు అమరుస్తారు?

కనుక తమరి సేవకులకు విన్నపం. గ్రేడు అడిగే ముందు మాన్యువల్‌లో ఆమోదం నంబరు చూడండి: వీడబ్ల్యూ (ఫోక్స్‌వ్యాగన్) 502 00, పోర్షె ఏ40, బీఎండబ్ల్యూ ఎల్‌ఎల్-01, ఇలా ఉంటుంది. డబ్బా వెనక అదే నంబరు అచ్చయి ఉండాలి. "తగినది" అనే మాట ఆమోదం కాదు. తర్వాత ఆ ఆయిల్ డేటా షీటులో హెచ్‌టీహెచ్‌ఎస్ చూడండి. గట్టిగా తోలే బండికి, మాన్యువల్ ఒప్పుకుంటే, 3.5కు తగ్గకుండా ఎంచుకోండి. ఆయిల్ టెంపరేచర్ 130 దాటుతోందా? గ్రేడు పెంచడం కన్నా ముందు ఆయిల్ కూలర్ గురించి ఆలోచించండి, ఎందుకంటే చిక్కటి ఆయిల్ తన రాపిడితో తానే ఇంకా వేడెక్కుతుంది. ఊళ్లో అయిదారు కిలోమీటర్ల చిన్న ట్రిప్పులే ఎక్కువైతే పెట్రోలు ఆయిల్‌లో కలిసి పల్చబరుస్తుంది. దానికి మందు 7,500 కిలోమీటర్ల లోపే మార్చడం.

తమరు ఇప్పటికే ఎవరి ఆక్టేవియాలోనో కాపురం పెట్టేసి ఉంటే కంగారు అక్కర్లేదు. స్టార్ట్ చేసి గోరువెచ్చగా అయ్యాక దించేయాలి, ఫిల్టరు కూడా మార్చాలి. సంపు ప్లాస్టిక్‌దైతే డ్రెయిన్ ప్లగ్గు కొత్తది వేయాలి, పాతది బిగిస్తే కారుతుంది. ఫ్లషింగ్ ద్రావకాల జోలికి పోవద్దు. పట్టేది సుమారు 5.7 లీటర్లు. ముందు అయిదున్నర పోసి, ఒక నిమిషం నడిపి ఆపి, అయిదు నిమిషాలాగి, సమతలంలో డిప్‌స్టిక్ చూసి మిగతాది కొద్దికొద్దిగా పోయాలి. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరువి రెండు కొంటే మూడొందల మిల్లీలీటర్లు మిగులుతుంది. అది డిక్కీలో ఉంచుకోండి, టాపప్‌కు పనికొస్తుంది. ఆ మూల తమరి కోసం మాత్రం కాదు.

ఇట్లు,
తమరి మేలు కోరని
ఒక టర్బో పక్షపాతి