సుచిత్రతో ఏం పేచీ?

బంగ్లాదేశ్‌లోని పబ్నా ఎడ్వర్డ్ కళాశాల పెద్దలు ఓ ఘనకార్యం చేశారు. అమ్మాయిల హాస్టల్‌కున్న అలనాటి బెంగాలీ నటి సుచిత్రా సేన్ పేరు పీకేసి, ‘జులై 36’ అని కొత్త బోర్డు తగిలించారు. అప్పటి ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి వెళ్లిపోయిన 2024 ఆగస్టు 5ను ఆందోళనకారులు అలా లెక్కగట్టుకున్నారు. ఆమె దిగేదాకా తమకు జులై ముగియదన్నారు. ఆ పోరులో వందల ప్రాణాలు పోయాయి. వారి స్మృతికి ఏ పేరు పెట్టుకున్నా ఎవరూ కాదనరు. కానీ అందుకోసం చెరపాల్సింది సుచిత్ర పేరేనా? హసీనా కుటుంబీకుల పేర్లున్న హాస్టళ్ల బోర్డులు దించుతూ అదే ఊపులో ఈమెదీ దించేయడమేమిటి? ఆవిడ హసీనా పార్టీ అవామీ లీగ్ టికెట్‌పై ఎప్పుడు పోటీ చేశారట?

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. సుచిత్ర అసలు పేరు రమా దాస్‌గుప్తా. 1931లో పుట్టి పబ్నాలోనే పెరిగారు. అక్కడి బాలికల పాఠశాలలోనే చదివారు. 1947లో దీబానాథ్ సేన్‌ను పెళ్లాడి కోల్‌కతా కోడలయ్యారు. అప్పటికి బంగ్లాదేశ్ అనే దేశమే లేదు, అవామీ లీగ్ ఇంకా పుట్టనే లేదు. ఆ పార్టీ ఖాతాలో ఆమెను వేసి శిక్షించాలంటే చరిత్ర పట్ల ఎంత నిర్లక్ష్యం ఉండాలి!

ఆమె ఎవరో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ‘అగ్నిపరీక్ష’ మనకు ‘మాంగల్యబలం’గా వచ్చింది. ‘దీప్ జ్వేలే జాయ్’ మరుసటి ఏడాదే ‘చివరకు మిగిలేది’ అయింది. అక్కడ సుచిత్ర చేసిన పాత్రల్లో ఇక్కడ సావిత్రిని చూసి కళ్లు తుడుచుకున్న తరం మనది. ఉత్తమ్ కుమార్‌తో ఆమె జోడీ రెండు దశాబ్దాలకు పైగా బెంగాల్‌ను ఏలింది. ‘సాత్ పాకే బాంధా’లో పట్టరాని కోపంతో, అంతకు మించిన నిస్సహాయతతో భర్త పాత్రధారి సౌమిత్ర ఛటర్జీ వేసుకున్న పంజాబీని, అంటే కుర్తాను, పట్టుకుని చింపేసే క్షణం చూసినవారు ఆ ముఖాన్ని మరచిపోలేరు. ఆ సినిమాకే 1963 మాస్కో చిత్రోత్సవంలో ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. 1978 తర్వాత మళ్లీ కెమెరా ముందుకు రాలేదు. జనం మధ్యకు రావాల్సి వస్తుందనే ఫాల్కే పురస్కారాన్ని సైతం వద్దనుకున్నారని చెబుతారు. 2014 జనవరి 17న కన్నుమూసే దాకా ముప్పై అయిదేళ్లు తలుపు మూసుకుని బతికిన మనిషి, తన పేరు ఫలానా గోడ మీద రాయమని ఎవరినీ అడిగి ఉండరు. పెట్టిందీ వాళ్లే, పీకిందీ వాళ్లే.

పబ్నా ఆమెకు ఇలా చేయడం ఇది మొదటిసారీ కాదు. పుట్టింటిని సర్కారు లీజుకిస్తే, మతవాద పార్టీ జమాతే ఇస్లామీకి అనుబంధ సంస్థ ఒకటి అందులో ఏళ్ల తరబడి బడి నడిపింది. ఊళ్లోని సాంస్కృతిక సంఘాలు రోడ్డెక్కి, కోర్టుకెక్కి, చివరికి సుప్రీంకోర్టు దాకా వెళితే గానీ ఖాళీ చేయలేదు. అదీ 2014లో, ఆమె పోయిన కొన్ని నెలలకు. ఆ ఇంటి కోసం కొట్లాడినవారు పబ్నా వాసులే, బంగ్లాదేశ్ పౌరులే. ఇప్పుడు అవమానం జరిగింది సుచిత్రకంటే ముందు వాళ్లకు.

ఆ పేర్లన్నీ హసీనా హయాంలో పెట్టినవని, మార్పు విద్యార్థుల ఆకాంక్ష అని సమర్థించేవారున్నారు. ఉండొచ్చు. అంతమాత్రాన పాత పాలకుల కాలంలో పెట్టిన ప్రతి పేరూ పాత పాలకుల సొత్తు అవుతుందా? ఈ లెక్కన ఎక్కడ ఆగుతారు? 2025 ఫిబ్రవరిలో ఢాకాలో ధన్‌మండి 32వ నంబరు ఇంటిని, హసీనా తండ్రి ముజిబుర్ రెహ్మాన్ హత్యకు గురైన ఇంటిని, బుల్డోజర్లతో కూల్చారు. అదైనా రాజకీయ కక్ష అని అర్థమవుతుంది. సినిమా నటి పేరు చెరపడంలో ఆ మాత్రం అర్థమూ లేదు. పైగా రేపు ఇంకో సర్కారు వస్తుంది. ఇవాళ సుచిత్ర బోర్డు విప్పిన స్క్రూడ్రైవర్‌తోనే రేపు ‘జులై 36’ బోర్డూ విప్పుతుంది. అడిగితే, దారి చూపింది మీరేగా అంటుంది. అమరుల పేరును ఇలాంటి ఆటలోకి దించింది ఎవరు?

సరిహద్దుకు ఇవతల గుండెలు బాదుకుంటున్న మన నేతలూ కాస్త సర్దుకుంటే మంచిది. 1975లో ‘ఆంధీ’ థియేటర్లలో ఆడుతుండగానే ఆపించింది ఢిల్లీ ఏలికలే. జుట్టులో తెల్లచార, నిలువెల్లా నేత చీర, రాజకీయ నాయకురాలి పాత్ర... సుచిత్రలో వారికి ఇందిరాగాంధీ కనిపించారు. జనతా ప్రభుత్వం వచ్చాకే ఆ సినిమాకు విముక్తి. ఇక పేర్ల సంగతంటారా, విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్నే అడగండి. 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు. 2024లో సర్కారు మారగానే మళ్లీ ఎన్టీఆర్ అయింది. ఆ రెండేళ్లలో పట్టాలు పుచ్చుకున్న డాక్టర్ల గతేమిటో ఏ పార్టీకీ పట్టలేదు. ఎవరి హయాంలో పెట్టిన పేరు వారితోనే పోవాలన్న సూత్రం పబ్నాలో తప్పయితే బెజవాడలోనూ తప్పే. బంగ్లాదేశ్‌కు సుద్దులు చెప్పే ముందు ఇక్కడివారు ఆ మాట ఒప్పుకోవాలి.

అంతమాత్రాన పబ్నా పని ఒప్పయిపోదు. అది కళాశాల నిర్ణయమని ఢాకాలో అప్పుడున్న యూనస్ తాత్కాలిక ప్రభుత్వం చేతులు దులిపేసుకోవడమూ కుదరదు. 1898 నుంచీ నడుస్తున్న ప్రభుత్వ కళాశాల అది, ఎవరి సొంత దుకాణమో కాదు. అమరులకు స్మారకం కావాలంటే కొత్త హాస్టల్ కట్టండి, గదులు చాలక అవస్థపడే అమ్మాయిలకు మేలూ జరుగుతుంది. దానికి ‘జులై 36’ అనే పేరు పెట్టండి. ఉన్న హాస్టల్‌కు పాత బోర్డు మళ్లీ బిగించండి. నిరంకుశత్వాన్ని కూలదోశామని చెప్పుకునేవారికి ఒక నటి పేరు చూస్తే ఇంత ఉలుకేమిటి?