ఉప్పునీళ్లలో ఊరిన పంతం

పోయిన నెల పెసరట్టు కోసం పెసలు నానబోసి, ఆ సంగతి మరచిపోయి, ఇద్దరం ఊళ్లో పెళ్లికి వెళ్లాం. మూడు రోజుల తరువాత తలుపు తీయగానే మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నావైపు చూసింది. నానబోసింది నేనే మరి. గిన్నెలో నీళ్లు నురగలు కక్కుతున్నాయి. అంచుకు అంటుకున్న నాలుగు గింజలు మాత్రం ఏమీ ఎరగనట్టు బుద్ధిగా మొలకెత్తాయి.

"చార్లెస్ డార్విన్ ఇంట్లోనూ ఇలాగే జరిగింది తెలుసా" అన్నాను.

"అయితే ఆ గిన్నె ఆయనే తోమాడా?" అంది.

తోముతూ చెప్పుకొచ్చాను.

డార్విన్‌కు జోసెఫ్ డాల్టన్ హుకర్ అని ప్రాణస్నేహితుడు ఉండేవాడు. విక్టోరియా రాణి కాలంలో వృక్షశాస్త్రమంటే ఆయనే. కుర్రతనంలో ఎరెబస్ ఓడ ఎక్కి 1839 నుంచి 1843 దాకా దక్షిణ సముద్రాలన్నీ తిరిగాడు. ఆ తరువాత హిమాలయాలెక్కి, సిక్కిం దివాను చేతికి చిక్కి కొన్ని వారాలు ఖైదులో కూడా ఉన్నాడు. తిరిగిన దీవుల్లో ఒక వింత గమనించాడు. మధ్యలో వందల మైళ్ల సముద్రం ఉన్నా అటూ ఇటూ ఒకే రకం మొక్కలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ మధ్యలో నేల ఉండేదనీ, అది మునిగిపోయిందనీ హుకర్ అభిప్రాయం. నేలను ముంచడం దేనికి, విత్తనాలే ఈదుకుంటూ పోయి ఉండవచ్చు కదా అని డార్విన్ వాదన. ఉప్పునీళ్లలో విత్తనం బతుకుతుందా? అది తేల్చడానికే 1855లో కెంట్‌లోని డౌన్ గ్రామంలో, డార్విన్ ఇంట్లో సీసాల జాతర మొదలైంది.

కొన్ని సీసాలు ఆరుబయట నీడలో పెట్టాడు. కొన్నింటిని మంచు నింపిన తొట్టిలో దించాడు. అన్నింట్లోనూ ఉప్పునీళ్లు, వాటిలో ముల్లంగి, క్యాబేజీ, ఉల్లి, క్యారెట్, ఆవాల జాతికే చెందిన క్రెస్ అనే కూరమొక్క విత్తనాలు. ఆవపిండీ నూనే పడలేదు గానీ, పడితే ఊరగాయే. ముల్లంగి గింజల నీళ్లు ఎంతగా కుళ్లాయంటే, తన ముక్కుతో తాను వాసన చూసి ఉండకపోతే నమ్మేవాణ్ణి కాదని తోటపని పత్రికకు రాశాడాయన. అందులోంచి తీసిన గింజలు కూడా మొలిచాయి! పిల్లలకైతే ఇదంతా కోడిపందెంలా ఉంది. హుకర్ గారిని నువ్వు ఓడిస్తావా నాన్నా అని ఒకటే గోల.

క్రెస్ వారంలో చచ్చిపోతుందనుకున్నానని హుకర్ పెద్దమనిషిలా ఒప్పుకున్నాడు. అది 21 రోజులు నానాక కూడా నిక్షేపంగా మొలిచింది. ఇక్కడ డార్విన్ చేసిన కొంటెపని ఒకటుంది. కాస్త గెలుపు కనబడగానే ఆ సంగతి వెంటనే స్నేహితుడికి చెప్పలేదు. మొలిచిన మొక్కలన్నీ నేనే తింటానని హుకర్ నోరు జారతాడేమోనని కాచుకుని కూర్చున్నాడు. మహానుభావుల లెక్కలు కూడా మన వీధి అరుగు మీద పందేల్లాంటివే.

ఇంతలో అసలు దెబ్బ తగిలింది. గింజలు బతికాయి, నిజమే. కానీ నీళ్లలో వేస్తే చాలావరకు మునిగిపోతున్నాయి! మునిగిన గింజ సముద్రం ఎలా దాటుతుంది? ఈ కృతఘ్నులను ఇన్నాళ్లూ ఉప్పులో ఊరబెట్టింది వృథాయేనా అని డార్విన్ వాటిని తిట్టుకున్నాడు.

సరే, ఈదలేకపోతే సవారీ చేస్తాయి అనుకున్నాడు. లండన్ జంతు ప్రదర్శనశాలలో నానిన గింజలను చేపలకు వేయించాడు. చేప గింజను మింగుతుంది, కొంగ చేపను మింగుతుంది, వంద మైళ్లు ఎగిరి ఇంకో చెరువుగట్టున రెట్ట వేస్తుంది, అక్కడ మొక్క మొలుస్తుంది. ఊహలో అప్పటికే మొలిచింది కూడా. ఆ చేపలేమో గింజలను నోట్లో వేసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, తుపుక్కున ఉమ్మేశాయి. రోజులు బాగాలేవని డార్విన్ హుకర్ దగ్గరే ఉత్తరంలో మొర పెట్టుకున్నాడు. పందెంలో అవతలి వాడి భుజం మీదే తల పెట్టి ఏడవడం గొప్ప స్నేహమే.

ఉపాయం తరువాత దొరికింది. ఎండకముందు వెంటనే మునిగే హేజెల్ అనే గట్టి పెంకు కాయలు ఎండబెట్టాక 90 రోజులు తేలాయి. వడియాలు పెట్టే ఏ అమ్మమ్మను అడిగినా ఎండితే తేలికవుతాయని ముందే చెప్పేది. చివరికి 87 రకాల విత్తనాల్లో 64 రకాలు 28 రోజులు ఉప్పునీళ్లలో నాని మొలిచాయి. కొన్నయితే 137 రోజులకు కూడా చావలేదు.

అక్కడితో ఆగాడా? ఒక ఫిబ్రవరిలో చిన్న కుంట అంచు నుంచి మూడు చెంచాల బురద తెచ్చి, చదువుకునే గదిలో మూతపెట్టి ఆరు నెలలు ఉంచాడు. మొలిచిన ప్రతి మొక్కనూ పీకి లెక్కపెట్టాడు. మొత్తం 537. అంత బురదా పట్టింది ఉదయం ఫలహారంతో తాగే కప్పులో.

ఇది వినగానే మా ఆవిడ లేచి వెళ్లి మా కాఫీ కప్పులు లెక్కపెట్టుకుంది. ఒకటి తక్కువైంది. అది బాల్కనీలో ఉందని నేనింకా చెప్పలేదు.