కుండ దొరికితే రైతు ఎవరికి చెప్పాలి?

2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వుతుండగా ఒక కుండ బయటపడింది. మూతికి పగిలిన గిన్నె అడుగుభాగం మూసి ఉంది. లోపల 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం, అంటే కూడిక గుర్తు కొసలకు నాలుగు వలయాలు. క్రీ.శ. 3-4 శతాబ్దాల్లో ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల కాలం నాటివని తేల్చారు. ఎంత లోతులో ఉంది, చుట్టుపక్కల ఏమున్నాయి అన్నది రాసుకునే మనుషులు అక్కడ ఉన్నారు కాబట్టి సరిపోయింది. అదే కుండ పొలం చదును చేస్తున్న జేసీబీకి తగిలి ఉంటే? బంగారం కూడా కాదు, సీసం. పాత సామాన్ల కొట్లో కిలోల లెక్కన తూకానికి పోయేది.

నిధి దొరికితే, విలువ పది రూపాయలు దాటితే చాలు, కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఆ పది రూపాయలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి! మరి రైతు నోరు విప్పితే ఏమవుతుంది? సాయంత్రానికల్లా లంకెబిందెలు దొరికాయని ఊరంతా పుకారు. పోలీసులొస్తారు, దుక్కి ఆగిపోతుంది, భూమి పోతుందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. మట్టి కప్పేసి ఊరుకుంటే ఆయన్ని తప్పుపట్టలేం. భయం లేకుండా ఫోన్ చేయడానికి మండలంలో పురావస్తు శాఖ మనిషే ఉండడు.

రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో ఆదిమానవులు పాతిన నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషమే. కానీ మన ప్రభుత్వాలకు పేరొచ్చాకే డబ్బు గుర్తొస్తుంది. అదీ ముందు రోడ్డుకు, లైట్లకు. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం కుదరదు. ఊరి చివర పట్టా భూముల్లోని రాక్షసగుళ్లకు, అంటే పెద్ద బండలతో కట్టిన ఆదిమకాలపు సమాధులకు, ఆ గీత ఎవరూ గీయలేదు. క్వారీవాళ్లకూ వెంచర్లవాళ్లకూ అవి అడ్డొచ్చే బండలే.

నా లెక్కలో మొదటి రూపాయి జీతానికి పోవాలి. జిల్లాకో పురావస్తు నిపుణుడు, ఒక వాహనం, డీజిల్ ఖర్చు. ఆయన చూసొచ్చిన ప్రతి చోటూ భూ రికార్డుల్లో సర్వే నంబర్ పక్కన నమోదైతే, ప్లాట్లు కొట్టకముందే రిజిస్ట్రేషన్ ఆఫీసులో కనిపిస్తుంది. తవ్వినన్నాళ్లూ రైతుకు పంట నష్టం కట్టివ్వాలి, అదీ ఆ సీజన్‌లోనే. పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిప్పితే పక్క పొలం రైతు ఏమీ దొరకలేదనే చెబుతాడు.