‘పర్ సే’ను మింగేయొద్దు

సినిమాను సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మన టీవీ ప్రసారం 25తో నడిచేది. ఆ తేడాను సినిమాను కాస్త వేగంగా నడిపి సరిపెట్టేవారు. అలా నడిపితే రెండున్నర గంటల సినిమా 144 నిమిషాలకే అయిపోతుంది. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే తెర దగ్గర ఈ కిటుకు చెల్లదు. ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపాలి. కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే షాట్‌లో ఆ కుదుపు కంటికి తెలిసిపోతుంది. అది పోవాలంటే బొమ్మలో ఏ భాగం ఎటు కదిలిందో లెక్కగట్టి, లేని ఫ్రేమును మధ్యలో పుట్టించాలి. ఫోనులో ఆ పని మొదలుపెడితే బ్యాటరీ కరిగిపోతుంది. తక్కువ లెక్కలతో, తక్కువ మెమరీతో దాన్ని సాధించడంలోనే ఇంజినీరు పనితనమంతా ఉంది.

ఇలాంటి ఆవిష్కరణకు మన పేటెంటు కార్యాలయంలో ఎదురయ్యే గోడ పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె). గణిత పద్ధతికి, అల్గారిథమ్‌కు, ‘కంప్యూటర్ ప్రోగ్రామ్ పర్ సే’కు, అంటే ఉత్త ప్రోగ్రామ్‌కు పేటెంటు లేదని చట్టం చెబుతోంది. ఆ నిషేధం సబబే. కూడికలు, తీసివేతలు ఎవరి సొత్తూ కావు. కానీ 2002లో పార్లమెంటు ‘పర్ సే’ అన్న మాటను ఊరికే పెట్టలేదు. ఆ నిబంధనను సడలించిన 2004 నాటి ఆర్డినెన్సు మాటల్ని 2005లో అదే పార్లమెంటు పక్కనపెట్టింది కూడా. తలుపు బార్లా తీయొద్దు, గడియా పెట్టొద్దు అన్నదే దాని ఉద్దేశమని మేం భావిస్తున్నాం.

పేటెంటు దరఖాస్తు తిరస్కరణను సవాలు చేసిన ఫెరీద్ అల్లానీ కేసులో 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది. వాషింగ్ మెషీన్లలో, ఫ్రిజ్‌లలో కూడా ప్రోగ్రామ్‌లున్న రోజుల్లో సాంకేతిక ప్రభావం ఉందా లేదా అన్నదే చూడాలంది. ఆ దరఖాస్తు మన దేశంలో 2002లో పడింది. పేటెంటు మంజూరుకు ఆదేశం వచ్చింది 2020లో. పేటెంటు ఆయుష్షే 20 ఏళ్లు!

పేటెంటు అప్పీళ్లు వినే బోర్డు 2021లో రద్దయ్యాక ఈ వివాదాలు హైకోర్టులకు చేరాయి. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోవి. హైదరాబాద్‌లో నలుగురితో నడిచే సంస్థకు అప్పీలంటే లాయరు ఫీజులు, ఏళ్ల నిరీక్షణ. అందుకే తొలి ఉత్తర్వే నికరంగా ఉండాలి. ‘ఇది అల్గారిథమ్’ అని ఒక్క వాక్యంతో తోసిపుచ్చడం న్యాయం కాదు. ఫ్రేములు మార్చేటప్పుడు ప్రాసెసర్ మీద, మెమరీ మీద భారం తగ్గిందా, అది ప్రోగ్రామ్‌కు సహజంగా ఉండే ఫలితమేనా, అంతకు మించినదా అన్నది అధికారి రాయాలి. దరఖాస్తుదారు కూడా ‘సమర్థమైన పద్ధతి’ అని చెప్పి ఊరుకోకుండా, ఎంత తగ్గిందో కొలిచిన అంకెలను మొదటి రోజునే వివరణ పత్రంలో పెట్టాలి. దాఖలు చేశాక కొత్త విషయం చేర్చడానికి చట్టం ఒప్పుకోదు.