లూసిల్లా ఆండ్రూస్ గురించి ఆ ఫార్వర్డ్ ఇక ఆపండి

ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. లూసిల్లా ఆండ్రూస్ అనే నర్సు డాక్టర్ని ప్రేమించి పెళ్లాడిందట, ఆ సంసారంలోని తీపినంతా డాక్టర్-నర్సు ప్రేమ నవలలుగా రాసిందట, ఇంగ్లిష్ నవలాకారుడు ఇయాన్ మెక్‌యూవన్ ఆమె నవల కొట్టేసి అటోన్‌మెంట్ అని పేరు పెట్టి, ఎక్కడా ఆమె ఊసెత్తలేదట, చివరికి ఆ నవల మీద తీసిన సినిమా చూసి కుమిలి కుమిలి పోయిందట. కింద వరసగా దండాల బొమ్మలు.

సినిమా 2007లో వచ్చింది. ఆమె పోయింది 2006 అక్టోబరులో. ఇంకేం చెప్పాలి?

ఊసెత్తలేదన్నదీ అబద్ధమే. 2001లో నవల అచ్చయినప్పుడే చివర ఆమె పేరూ, ఆమె పుస్తకం పేరూ వేసి రుణపడి ఉన్నానని రాశాడు. ఆ పుస్తకం నవల కూడా కాదు, 'నో టైమ్ ఫర్ రొమాన్స్' అని 1977లో వచ్చిన ఆమె రెండో ప్రపంచ యుద్ధకాలపు జ్ఞాపకాలు.

నాకు ఒళ్లు మండేది ఆ తీపి సంసారం దగ్గర. 1947లో డాక్టర్ని పెళ్లి చేసుకున్న మాట నిజమే. ఆ తర్వాత తెలిసింది, ఆయన మత్తుమందులకు బానిస అని. 1949లో కూతురు పుట్టిన కొద్దికాలానికే ఆయన్ని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది, ఈమె చంటిపిల్లతో మళ్లీ నర్సు ఉద్యోగంలో చేరి, ఆ చాకిరీ మధ్యే రాసుకుంటూ 1952లో మొదటి నవల అమ్మగలిగింది. అది 1954లో అచ్చయింది. అదే ఏడాది భర్త పోయాడు. ఇందులో తీపి ఎక్కడుందో ఆ మెసేజ్ అల్లిన మహానుభావులు కాస్త వేలు పెట్టి చూపిస్తే చూసి తరిస్తాను! ఇల్లు గడవడానికి రాసిన మనిషి రాతని కూడా మొగుడి ఖాతాలో వేస్తే గానీ మనకి నిద్ర పట్టదా? ముప్పైకి పైగా నవలలు రాసిందామె. మన వారపత్రికల సీరియళ్లలో డాక్టర్ హీరో స్టెతస్కోప్‌తో కారు దిగడమే గానీ వార్డులోకి వెళ్లిన పాపాన పోడు, ఈమె యుద్ధం నడుస్తుండగా లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుని, ఆ వార్డుల్లో తిరిగి మరీ రాసింది.

ఇక దొంగతనం సంగతి. 2006 చివర్లో ఈ గొడవ రేగినప్పుడు, ఎవరికీ కనబడని అమెరికన్ నవలాకారుడు థామస్ పించన్ సైతం మెక్‌యూవన్ వైపు నిలబడ్డాడు. చరిత్ర ఎవరి సొత్తూ కాదు, ఒప్పుకుంటాను. కానీ తామరకి జెన్షన్ వయొలెట్, కోసుకున్న చోట ఆక్రిఫ్లేవిన్ లాంటి ఓ పసుపు మందు, కమిలిన చోట లెడ్ లోషన్ అని ఆమె తన జ్ఞాపకాల్లో ఒక వాక్యంలో రాస్తే మెక్‌యూవన్ వాక్యంలోనూ అవే మూడు మందులు, అదే వరుసలో. నర్సులు స్నానం చేయించడం నేర్చుకునే బొమ్మల పేర్లూ అవే. దీన్ని పరిశోధన అనడానికి నాకు మాత్రం నోరు రావడం లేదు.